సంద్రానికి పదునొస్తే

నారాయణఖేడ్‌లో ఎంత ఎత్తున నిలబడి చూసినా సముద్రం కనిపించదు. కానీ ఇక్కడి చేనులోంచి జారిన నీరు చివరికి చేరేది అక్కడికే. ఆ సముద్రం అడుగున ఒక పచ్చిక ఉంది. చేపపిల్లలకు అది పుట్టిల్లు, పక్షులకు మేత, తీరానికి కట్ట. పోయిన ఆ పచ్చికను మళ్లీ మొలిపించవచ్చని చిలికా సరస్సు చూపించింది. ఆ కథలో గంగపుత్రులతో పాటు మెట్ట రైతుకూ చోటుంది.

మిరుగం, అంటే మృగశిర కార్తె, వచ్చి మొగులు పట్టిందంటే నారాయణఖేడ్ చుట్టుపక్కల రైతులు ఆకాశాన్ని ఎంత చూస్తారో నేలనూ అంత చూస్తారు. ఒక్క వానకే విత్తనం వేయరు. చేనులోకి నడిచి, గుప్పెడు మట్టి తీసి పిసికి చూస్తారు. ముద్ద కట్టాలి, చేతికి అంటకూడదు. తడి లోపలికి ఎంత దిగిందో కాలి బొటనవేలితో గీకి చూస్తారు. అన్నీ కుదిరితే పదునైందంటారు. పదును లేని నేలలో ఎంత మేలైన విత్తనం వేసినా పిట్టల పాలో చీమల పాలో అవుతుంది. పదునైన నేలలో నిరుడు రాలి మరిచిపోయిన గింజ కూడా తనంత తానే తలెత్తుతుంది.

ఇది సముద్రం గురించిన కథనం. అయినా మెట్ట చేలోనే మొదలుపెట్టాలి. సముద్రపు పచ్చికను తిరిగి పెంచడానికి ప్రపంచమంతటా జరిగిన ప్రయత్నాలను ఒక్కొక్కటే చదువుతూ పోతే, గెలిచినవాటికీ ఓడినవాటికీ మధ్య తేడా అంతా ఆ గుప్పెడు మట్టిలోనే కనిపించింది. ముందు పదును చూసుకున్నవాళ్లు గెలిచారు. పదును చూడకుండా నాట్లు వేసినవాళ్లు ఓడిపోయారు.

నారాయణఖేడ్ 1956 దాకా బీదర్ జిల్లాలో ఉంది. రాష్ట్రాల పునర్విభజనతో మెదక్‌లోకి, 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. సంతలో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ కలిసి వినిపించే ఈ ప్రాంతాన్ని మంజీర తన ఒంపులో పెట్టుకుంది. మహారాష్ట్రలో బాలాఘాట్ కొండల్లో పుట్టిన ఈ నది లాతూర్, బీదర్ జిల్లాలు దాటి తెలంగాణలోకి వస్తుంది. సింగూరు దాటాక సంగారెడ్డి వైపు నుంచి ఉత్తరానికి మళ్లి, ఏడుపాయల మీదుగా నిజాంసాగర్ చేరుతుంది. మనూరు వైపు చేల నీరైనా, కల్హేర్ వైపు వాగుల నీరైనా కలిసేది మంజీరలోనే. నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర మంజీర గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి శ్రీరామసాగర్, కాళేశ్వరం, భద్రాచలం, ధవళేశ్వరం దాటి, పాయలుగా చీలి బంగాళాఖాతంలోకి. నారాయణఖేడ్ నీటికి సముద్రం దూరపు చుట్టమే, కానీ రాకపోకలు తెగని చుట్టం.

గడ్డి పేరున్న పూల మొక్క

సముద్రపు గడ్డి అనగానే చాలామందికి ఒడ్డుకు కొట్టుకొచ్చే నాచు గుర్తొస్తుంది. రెండింటికీ పోలిక ఉందే తప్ప చుట్టరికం లేదు. నాచుకు నిజమైన వేరు ఉండదు, పువ్వు ఉండదు. రాయినో గవ్వనో పట్టుకుని, నీటిలోంచే తిండి తీసుకుంటుంది. సముద్రపు గడ్డి అసలైన పూల మొక్క. ఇసుకలో, బురదలో వేరు దిగుతుంది. గరిక మాదిరే దాని కాండం నేల లోపల పాకుతూ కణుపు కణుపుకూ వేరు వేసి ఆకు తొడుగుతుంది. నీటి అడుగునే పూస్తుంది. తేనెటీగ చేసే పనిని అక్కడ నీటి ప్రవాహం చేస్తుంది, పుప్పొడిని ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు మోస్తుంది. కాయ కాస్తుంది, గింజ రాలుస్తుంది.

ఈ మొక్కల పూర్వికులు నేల మీద బతికినవే. కోట్ల ఏళ్ల కిందట, భూమి మీద డైనోసార్లు తిరిగే కాలంలో, కొన్ని పూల మొక్కలు మెల్లగా ఉప్పునీటిలోకి దిగి అక్కడే స్థిరపడ్డాయి. ప్రపంచంలో వీటి జాతులు డెబ్బై పైచిలుకు. మన దేశంలో పదహారు దాకా ఉన్నాయి. దేశం మొత్తం మీద ఈ పచ్చిక విస్తీర్ణం సుమారు 517 చదరపు కిలోమీటర్లని చెన్నైలోని జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం లెక్కగట్టింది. అందులో ఎక్కువ భాగం తమిళనాడు తీరంలోని పాక్ బే, మన్నార్ సింధుశాఖల్లోనే ఉంది.

తెలుగు తీరం ఇంత పొడవున్నా ఈ పచ్చిక మనకు అంతగా కనిపించదు. అందుకు కారణం ఉంది. సముద్రపు గడ్డికి అన్నింటికన్నా ముందు వెలుగు కావాలి. నీటి మీద పడే వెలుగులో కనీసం పదో వంతు అడుగుకు చేరకపోతే అది బతకలేదు. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రుతో మన తీరపు నీళ్లు కలకగా ఉంటాయి. అలల తాకిడి ఎక్కువ, అడుగున ఇసుక కదులుతూ ఉంటుంది. అలాంటి చోట వేరు నిలవదు. అందుకే తూర్పు తీరంలో మనకు దగ్గరగా ఈ గడ్డి దొరికేది అల తాకిడి లేని ఉప్పునీటి సరస్సుల్లో. ఉత్తరాన ఒడిశాలో చిలికా, దక్షిణాన ఆంధ్ర, తమిళనాడు కలిసి పంచుకున్న పులికాట్.

ఈ గడ్డి చేసే మేలు చిన్నది కాదు. ఆకుల మధ్య రొయ్య పిల్లలు, పీత పిల్లలు, చేప పిల్లలు దాక్కుని పెరుగుతాయి. వలలో పడే చేప ఒకప్పుడు ఈ గడ్డిలో దాగిన పిల్లే కావచ్చు. ఆకులు నీటి వేగాన్ని తగ్గించి ఒండ్రును అడుగున దించుతాయి, వేర్లు దాన్ని కదలకుండా పట్టుకుంటాయి. అంటే పచ్చిక ఉన్నచోట నీరు తేటపడుతుంది, నీరు తేటపడితే పచ్చిక ఇంకా పెరుగుతుంది. ఈ చక్రం ఎంత మంచిదో, తిరగబడితే అంత చెడ్డది. గడ్డి పోతే బురద లేస్తుంది, బురద లేస్తే వెలుగు ఆగుతుంది, వెలుగు ఆగితే మిగిలిన గడ్డీ పోతుంది. నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువును పీల్చి, ఆ కర్బనాన్ని వందల ఏళ్లపాటు బురద కింద దాచిపెట్టే శక్తి కూడా దీనికి ఉంది. సముద్ర గర్భంలో ఇది పరుచుకున్న చోటు నూటికి ఒక వంతులో అయిదో భాగమైనా ఉండదు. అయినా సముద్రం ఏటా అడుగున పూడ్చుకునే కర్బనంలో దీని వాటా విస్తీర్ణానికి ఎన్నో రెట్లు ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా.

ఇంత మేలు చేసే పచ్చిక ప్రపంచమంతటా తగ్గుతోంది. 1879 నుంచి నమోదైన వివరాలను కలిపి 2009లో వెలువడిన ఒక అధ్యయనం, అప్పటిదాకా తెలిసిన పచ్చికలో 29 శాతం పోయిందని తేల్చింది. 1980 నుంచి ఏటా 110 చదరపు కిలోమీటర్ల చొప్పున పోతోందని కూడా చెప్పింది.

చిలికా: పూడిన మొగ, తెరిచిన మొగ

చిలికా దేశంలోకెల్లా పెద్ద ఉప్పునీటి సరస్సు. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో 1,100 దాటి పరుచుకుంటుంది. మహానది పాయలైన దయ, భార్గవి వంటివి ఒకవైపు నుంచి మంచినీరు తెస్తాయి, సముద్రం మరోవైపు నుంచి ఉప్పునీరు పంపుతుంది. ఈ రెండు నీళ్ల కలయికే చిలికా ప్రాణం. దాని చుట్టూ చేపలవేట మీద బతికేవాళ్లు రెండు లక్షల మంది దాకా ఉంటారు. అక్కడి మత్స్యకార కులాల్లో నోలియాలు కూడా ఉన్నారు. నోలియాలంటే ఒడియావాళ్లు మన తెలుగు గంగపుత్రులకు పెట్టుకున్న పేరు. గంజాం తీరం వెంట, పూరీలోని పెంటకట వాడలో ఇంటి భాషగా తెలుగును కాపాడుకుంటూ వస్తున్న వాడబలిజ, జాలరి కుటుంబాలు ఇవే. చిలికా కథ వాళ్ల కథ కూడా.

1981లో చిలికా అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో చేరింది. ఆ గౌరవం వచ్చేనాటికే దానికి జబ్బు మొదలైంది. నదులు తెచ్చిన మట్టి సరస్సులో పేరుకుంది. సముద్రంలోకి తెరుచుకునే మొగ ఇసుకతో పూడుతూ దూరం జరిగింది. పోటు నీరు లోపలికి రావడం తగ్గింది, ఆటుకు సరస్సు నీరు బయటికి పోవడం తగ్గింది. ఉప్పదనం పడిపోయింది. ఉప్పునీటి సరస్సులో మంచినీటి కలుపు మొక్కలు దట్టంగా అల్లుకున్నాయి. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికో పెరగడానికో వచ్చిపోయే చేపలకు, రొయ్యలకు దారి మూసుకుపోయింది. 1993లో చిలికాను ప్రమాదంలో పడిన చిత్తడి నేలల పట్టీలో, మాంట్రో రికార్డులో చేర్చారు. 1999-2000 నాటికి చేపల దిగుబడి ఏడాదికి 1,700 టన్నుల దగ్గర నిలిచింది.

ఇక్కడ ఒడిశా ప్రభుత్వం ఏర్పాటు చేసిన చిలికా అభివృద్ధి సంస్థ ఒక మంచి పని చేసింది. గడ్డి నాటలేదు, చేపపిల్లలు వదలలేదు. ముందు జబ్బు ఎక్కడుందో వెతికింది. పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం సరస్సు నీటి కదలికలను నమూనాలతో లెక్కలు కట్టి, కొత్త మొగ ఎక్కడ తెరవాలో చెప్పింది. 2000 సెప్టెంబరు 23న శిపకుడా దగ్గర ఇసుక దిబ్బను కోసి సముద్రానికి కొత్త దారి తెరిచారు. సరస్సు నుంచి సముద్రానికి నీరు తిరిగే దూరం 18 కిలోమీటర్లు తగ్గింది.

ఆ తర్వాత జరిగింది చూస్తే, మొదటి వానకు బీడు చేను పచ్చబడిన దృశ్యం గుర్తొస్తుంది. పోటు నీరు మళ్లీ లోపలికి వచ్చింది. ఉప్పు తాకగానే మంచినీటి కలుపు వెనక్కి తగ్గింది. నీరు తేటపడింది, అడుగుకు వెలుగు చేరింది. అప్పటిదాకా సరస్సులో అక్కడక్కడ మిగిలిన సముద్రపు గడ్డి తనంత తానే పాకడం మొదలుపెట్టింది, తర్వాతి ఏళ్లలో కొన్ని రెట్లు పరుచుకుంది. హాలోఫిలా, హాలోడ్యూల్ తెగలకు చెందిన గడ్డి జాతులు అక్కడ పెరుగుతున్నాయి. చలికాలంలో ఎంతో దూరం నుంచి వచ్చే బాతులకు ఆ గడ్డి మేత. చేపల దిగుబడి 2001-02లో దాదాపు 12,000 టన్నులకు చేరింది. 2002లో చిలికా పేరును మాంట్రో రికార్డు నుంచి తీసేశారు. అదే ఏడాది రామ్‌సర్ చిత్తడి నేలల సంరక్షణ పురస్కారం కూడా చిలికా అభివృద్ధి సంస్థకు దక్కింది.

మొగ తెరవడంతోనే పని అయిపోలేదని ఆ సంస్థకు తెలుసు. మట్టి వస్తున్నది పైనుంచి. పైన ఆపకపోతే కింద ఎన్నిసార్లు తవ్వినా పూడుతూనే ఉంటుంది. అందుకే సరస్సుకు పడమటి వైపున్న పరీవాహక గ్రామాల్లో ఊరివాళ్లనే కూర్చోబెట్టి వాలుకు అడ్డంగా కట్టలు కట్టడం, చెట్లు పెంచడం, చిన్న చిన్న నీటి ఆధారాలు చేసుకోవడం మొదలుపెట్టించింది. సముద్రం చూడని ఊళ్లు సముద్రపు గడ్డి కోసం పనిచేయడం అక్కడ నిజంగా జరిగింది.

రెండో శత్రువు మనిషి ఆశ. వెదురు బొంగులకు వలలు కట్టి సరస్సును ముక్కలు చేసి రొయ్యలు పెంచే ఘేరీలు చిలికాను చాలాకాలం ఊపిరాడనీయలేదు. నీటి కదలిక ఆగింది, చిన్న మత్స్యకారులకు వేట చోటు తగ్గింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపు రొయ్యల చెరువులు ఉండరాదని ప్రత్యేకంగా పేర్లు పెట్టి చెప్పింది. తీర్పు వచ్చాక కూడా ఘేరీలను తొలగించడానికి చాలా ఏళ్లు పట్టింది. తీసేసిన చోట నీరు కదిలింది, గడ్డికి మళ్లీ దారి దొరికింది.

విత్తనం లేని చేను, పదును లేని చేను

అమెరికాలో వర్జీనియా తీరపు కథ దీనికి సరిగ్గా తిరగేసినట్టుంటుంది. 1930లలో అక్కడి సముద్రపు గడ్డికి తెగులు సోకింది. 1933లో పెద్ద తుఫాను వచ్చి మిగిలింది ఊడ్చుకుపోయింది. గడ్డి మీద ఆధారపడిన స్కాలప్ అనే గవ్వజీవి కూడా ఆ తీరం నుంచి మాయమైంది, దాన్ని పట్టి బతికిన వృత్తి కూలిపోయింది. తర్వాత డెబ్బై ఏళ్లపాటు ఆ అడుగు నేల ఖాళీగా ఉండిపోయింది.

వర్జీనియా సముద్ర శాస్త్ర సంస్థ పరిశోధకులు చూసింది ఏమిటంటే, ఆ తీరంలో నీరు తేటగానే ఉంది, అడుగు నేల బాగానే ఉంది. గింజే లేదు. దగ్గర్లో గడ్డి లేకపోవడంతో విత్తనం రావడానికి దారి లేదు. 1999 నుంచి వాళ్లు వేరే చోట్ల గడ్డి కోసి, గింజలు వేరుచేసి, పడవ మీద నిలబడి చేత్తో చల్లడం మొదలుపెట్టారు. మన దగ్గర గింజలు వెదజల్లినట్టే. ఇరవై ఏళ్లలో ఏడు కోట్లకు పైగా గింజలు చల్లారు. చల్లింది దాదాపు 200 హెక్టార్లలో. 2020 నాటికి గడ్డి పరుచుకున్నది 3,600 హెక్టార్లలో. స్కాలప్‌లను కూడా అక్కడ తిరిగి వదిలారు.

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. వర్జీనియాలో పదును ఉంది, విత్తనం లేదు. విత్తనం వేస్తే చాలింది. చిలికాలో విత్తనం ఉంది, పదును లేదు. నీరు సరిచేస్తే చాలింది. జబ్బు ఏదో తెలియకుండా మందు మారిస్తే రెండు చోట్లా డబ్బు, శ్రమ నీళ్లపాలయ్యేవి. ప్రపంచంలో జరిగిన 1,786 నాట్ల ప్రయత్నాలను పరిశీలించి 2016లో వెలువడిన అధ్యయనం, వాటిలో సుమారు 37 శాతమే నిలిచాయని చెప్పింది. గడ్డి ఎందుకు పోయిందో ఆ కారణాన్ని ముందు తొలగించిన చోట్లా, కొద్దికొద్దిగా కాక పెద్ద ఎత్తున నాటిన చోట్లా ఫలితం మెరుగ్గా వచ్చింది. నాలుగు మొక్కలు అలకు తట్టుకోలేవు. ఒక మడి నిండా ఉంటే ఒకదాన్నొకటి కాచుకుంటాయి. వరి నారు నాటే ఆడవాళ్లకు ఈ మాట కొత్త కాదు.

కొబ్బరి తాడుకు కట్టిన పచ్చిక

నాటక తప్పని చోట్లు కూడా ఉన్నాయి. పాక్ బేలో ట్రాలర్లు అడుగును ఈడ్చుకుంటూ పోయిన చోట గడ్డి వేళ్లతో సహా లేచిపోతుంది. అక్కడ నీరు బాగున్నా ఖాళీ పడిన అడుగు మళ్లీ నిండడానికి చాలా ఏళ్లు పడుతుంది. తూత్తుకుడిలోని సుగంధి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ, తంజావూరు తీరంలో పనిచేసే ఓంకార్ ఫౌండేషన్ ఈ పని మీద ఏళ్ల తరబడి కృషి చేస్తున్నాయి.

పని చెప్పుకోవడానికి తేలిక, చేయడానికి ఓపిక కావాలి. దట్టంగా ఉన్న పచ్చికలోంచి, దానికి గాయం కాకుండా, అక్కడక్కడ వేరుకాండంతో సహా మొక్కలు తీస్తారు. వెదురుతో చతురస్రపు చట్రం చేసి, దానికి అడ్డంగా నిలువుగా కొబ్బరి తాళ్లు బిగించి, తాళ్లకు మొక్కలు కడతారు. చట్రాన్ని పడవలో తీసుకుపోయి, నీటిలో మునిగి అడుగు నేలకు ఆనేలా పరుస్తారు. తాళ్ల పట్టుకు మొక్క కొట్టుకుపోదు. వేళ్లు నేల పట్టేసరికి కొబ్బరి తాడు నానుతూ మెత్తబడి మట్టిలో కలిసిపోతుంది. ప్లాస్టిక్ మిగలదు. అక్కడి ఊళ్ల మత్స్యకారులు ఈ పనిలో కూలీలుగా మాత్రమే లేరు. ఏ కాలంలో నీరు తేటగా ఉంటుందో, ఏ చోట ప్రవాహం ఉధృతంగా ఉంటుందో చెప్పేది వాళ్లే.

ఆ పచ్చికను మేసే జీవి డుగాంగ్, సముద్రపు ఆవు. పెద్దది రోజుకు నలభై కిలోల దాకా గడ్డి మేస్తుంది. తమిళ మత్స్యకారులు కూడా దాన్ని కడల్ పసు అనే పిలుస్తారు, అంటే కడలి ఆవు. ఒక దూడను కనడానికి ఏడాదికి పైగా మోస్తుంది. 2022 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం పాక్ బేలో 448 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని డుగాంగ్ సంరక్షణ క్షేత్రంగా ప్రకటించింది. ఈ జీవి కోసం దేశంలో ఏర్పాటైన మొదటి క్షేత్రం అదే. ఆవును కాపాడాలంటే ముందు బీడును కాపాడాలన్న సంగతి పశువుల కాపరికి తెలుసు. ఆ ప్రకటన వెనకున్న ఆలోచన కూడా అదే.

మన పులికాట్

చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. అందులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే, ఇప్పటి తిరుపతి జిల్లాలో ఉంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు మీద చలికాలంలో ఆగిన ప్రతివాళ్లూ ఫ్లెమింగోల గుంపులను చూస్తారు. రాకెట్ల కోసం శ్రీహరికోట, పక్షుల కోసం పులికాట్ అని చూసి వచ్చేస్తాం. ఆ పక్షుల కాళ్ల కింద నీటిలో ఏం ఉందో వంగి చూసినవాళ్లు తక్కువ. పులికాట్‌లోనూ సముద్రపు గడ్డి ఉంది. రొయ్యలకు, పీతలకు, బొంతలు తదితర చేపల పిల్లలకు ఆ నీటి అడుగే పొత్తిలి.

చిలికాలో 1990లలో ముదిరిన జబ్బు లక్షణాలే ఇవాళ పులికాట్‌లో కనిపిస్తున్నాయి. రాయదొరువు, తూపిలిపాళెం వైపు మొగలు ఇసుకతో పూడుతూ వచ్చాయి. సరస్సు లోతు చాలాచోట్ల మనిషి నడుము దాటదు. ఉత్తర భాగం వేసవిలో ఎండి, నెర్రెలిచ్చిన నేలగా మారుతుంది. శ్రీహరికోట రోడ్డు కట్ట సరస్సును అడ్డంగా చీలుస్తూ పోతుంది. మొగ దగ్గర పూడిక తీయించాలని అక్కడి మత్స్యకారులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. వాళ్లు అడుగుతున్నది పడవ పోవడానికి దారి మాత్రమే అనుకుంటే పొరపాటు. సరస్సుకు ఊపిరి అడుగుతున్నారు. మొగ తెరిస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి వేరే రుజువు అక్కర్లేదు, ఇదే తీరం మీద ఉత్తరాన చిలికా ఉంది.

చిలికాను చూసి తొందరపడి గొయ్యి తవ్వేస్తే సరిపోదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అక్కడ తవ్వేముందు లెక్కలు కట్టారు. తవ్విన తర్వాత ఉప్పదనాన్ని, లోతును, గడ్డిని ఏళ్ల తరబడి కొలుస్తూ వచ్చారు. పైనున్న ఊళ్లను పనిలో కలుపుకున్నారు. పులికాట్‌కు కూడా ఈ మూడూ కావాలి. కాళంగి, ఆరణి వంటి నదుల వెంట పైన ఏం జరుగుతోందో చూడకుండా మొగ ఒక్కటే తవ్వితే, మళ్లీ పూడడానికి ఎంతో కాలం పట్టదు.

మట్టి ఆగింది, మందు ఆగలేదు

ఇప్పుడు తిరిగి మంజీర దగ్గరికి రావాలి. నిజం చెప్పుకోవాలంటే నారాయణఖేడ్ నీరు చిలికాకు పోదు, పులికాట్‌కూ పోదు. గోదావరి మొగకు పోతుంది. అయినా చిలికాకు దయ, భార్గవి ఎలాంటివో గోదావరి సముద్రానికి మంజీర అలాంటిది. పైన చేసిన పని కింద కనిపిస్తుంది.

మొదటి వానకు మా వాగులు ఎర్రగా పారుతాయి. అది చేను పైపొర, ఎన్నో ఏళ్ల ఎరువు, పశువుల పేడ, ఆకు రాలి కుళ్లి తయారైన సారం. ఆ మట్టి ఎక్కడికి పోయిందో తెలుసుకోవాలంటే నిజాంసాగర్‌ను చూడాలి. 1923లో మొదలుపెట్టి 1931కి పూర్తిచేసిన ఆ ప్రాజెక్టు కట్టిన నాడు దాదాపు 30 టీఎంసీల నీళ్లు పట్టేది. నలభై ఏళ్లు గడిచేసరికి పూడికతో 12 టీఎంసీలకు దిగజారింది. తర్వాత కట్ట ఎత్తు పెంచి 18 టీఎంసీల దగ్గరకు తెచ్చుకున్నారు. పోయిన చోటంతా మంజీర ఒడ్డు చేల మట్టితో నిండింది.

గోదావరి మొత్తం మీదా ఇదే వరస. 1970లలో ఏటా దాదాపు 15 కోట్ల టన్నుల ఒండ్రు కిందికి మోసిన నది, 1990లలో 6 కోట్ల టన్నుల లోపే మోసింది. మట్టి ఆనకట్టల వెనక ఆగిపోతోంది. దానివల్ల డెల్టాకు కొత్త నేల చేరడం తగ్గి, సముద్రం ఒడ్డును కోసుకుంటోంది. మట్టి పోయిన మెట్ట రైతుకూ నష్టమే, మట్టి రాని డెల్టా రైతుకూ నష్టమే.

మట్టి అయితే కట్ట దగ్గర ఆగింది. నీటిలో కరిగిన యూరియా అంత తేలిగ్గా ఆగదు. చల్లిన మందులో పైరు తీసుకోగా మిగిలింది వానతో కరిగి వాగులో కలుస్తుంది. కొంత చెరువుల్లో, జలాశయాల్లో పచ్చని పాచిగా మారుతుంది. మిగిలింది నదితో పోతుంది. సముద్రపు గడ్డికి ఇది రెండో ఉరి. నత్రజని ఎక్కువైన నీటిలో సన్నని నాచు విపరీతంగా పెరిగి నీటిని చిక్కబరుస్తుంది, గడ్డి ఆకుల మీద పొరలా పేరుకుంటుంది. ఆకు ఉంటుంది, వెలుగు తగలదు. ప్రపంచంలో చాలా చోట్ల గడ్డి పోవడానికి ముఖ్య కారణం ఇదే.

దీనికి మందు మన దగ్గరే ఉంది. నారాయణఖేడ్ చేలలో కంది, పెసర, మినుము పాతకాలం నుంచీ ఉన్న పంటలు. పప్పుజాతి పైర్లు గాలిలోని నత్రజనిని తమ వేళ్ల బుడిపెల్లో నిలుపుకుంటాయి, నేలకు తామే ఎరువు పెడతాయి. పక్కనే జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు జొన్న, సజ్జ, కొర్ర, పప్పుధాన్యాలు కలిపి రసాయనాలు లేకుండా పండిస్తూ 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం అందుకున్నారు. వాళ్లు ఆ పని చేసింది తమ నేల కోసం, తమ కంచం కోసం. ఆ చేల నుంచి వాగులోకి పోయే నీరు సముద్రానికి కూడా మేలు చేస్తుంది. మంచి వ్యవసాయం ఫలం గట్టు దగ్గర ఆగిపోదు.

యూరియాను ఒకేసారి కుప్పగా వేయకుండా విడతలుగా, నేలలో తడి చూసుకుని వేస్తే పైరుకు ఎక్కువ దక్కుతుంది, వాగుకు తక్కువ పోతుంది. వాలుకు అడ్డంగా దున్నడం, గట్టు మీద గడ్డి ఉంచడం, వాగు ఒడ్డున చెట్లను కొట్టకపోవడం ఖర్చు లేని పనులు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులు బాగుచేయాలనుకున్నారు. ఆ పనిలో అన్నింటికన్నా తెలివైన భాగం, తీసిన ఒండ్రును రైతులు తమ చేలకే తోలుకోవడం. పోయిన మట్టి ఇంటికి తిరిగొచ్చింది. చెరువుకు లోతు, చేనుకు సారం, నదికి తేట.

కొన్ని లెక్కలు

మార్చి 1 ప్రపంచ సముద్రపు గడ్డి దినం. శ్రీలంక ప్రతిపాదించగా 2022 మేలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించింది.

ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో 180 కిలోమీటర్ల పొడవున పరుచుకున్న పచ్చిక అంతా ఒకే గింజ నుంచి పాకిన ఒకే మొక్క అని 2022లో శాస్త్రవేత్తలు కనుగొన్నారు. దాని వయసు సుమారు 4,500 ఏళ్లు.

చిలికాలోని నలబణ దీవి పక్షుల అభయారణ్యం. వానాకాలంలో మునిగి, నీరు తగ్గాక బయటపడే ఆ దీవి చుట్టూ వలస పక్షులు మేతకు చేరతాయి.

గట్టు దగ్గర మొదలు

సముద్రానికి పదునంటే ఏమిటి? తేటనీటిలోంచి అడుగు దాకా దిగే వెలుగు. పోటుకూ ఆటుకూ తెరుచుకుని ఉన్న మొగ. ఉప్పూ మంచినీరూ సమపాళ్లలో కలవడం. దున్నని అడుగు నేల, అంటే ట్రాలర్ ఈడ్చని నేల. ఇవి ఉంటే గడ్డి చాలాసార్లు తనంత తానే వస్తుంది, రాకపోతే అప్పుడు నాటవచ్చు. ఇవి లేకుండా నాటితే కోట్లు ఖర్చుపెట్టినా మొలక నిలవదు.

వీటిలో సగం తీరం చేతిలో ఉన్నాయి. మొగను కాపాడటం, ఘేరీలను అడ్డుకోవడం, ట్రాలర్‌ను దూరం పెట్టడం అక్కడివాళ్లూ అక్కడి ప్రభుత్వాలూ చేయాలి. తేటనీరు మాత్రం తీరం చేతిలో లేదు. అది పైనుంచి రావాలి. ఆ సగం మన చేతిలో ఉంది.

ఈసారి మిరుగం వానకు చేను చూడటానికి పోయినప్పుడు, గుప్పెడు మట్టి పిసికి చూశాక, ఇంకో పని కూడా చేయాలి. చేను చివర, నీరు గట్టు దాటి వాగులోకి జారే చోట కాసేపు నిలబడాలి. ఆ నీటిని దోసిట పట్టి చూడాలి. ఎర్రగా ఉంటే మన మట్టి పోతోంది. మందు వాసన వస్తే మన డబ్బు పోతోంది. దోసిట్లోంచి అరచేయి గీతలు కనిపించేంత తేటగా ఉంటే, ఆ నీరు మంజీరలో కలిసి, గోదావరి వెంట నడిచి, ఎక్కడో ఒక అడుగున మొలకెత్తడానికి చూస్తున్న ఆకు మీద వెలుగును ఆపకుండా పోతుంది.